డెర్బీషైర్ పల్లెలు: బాదం పుడ్డింగు, ప్లేగు ఊరు, పూల బావులు

అమ్మాయి పురిటికనో, అబ్బాయి దగ్గర నాలుగు నెలలుండి వద్దామనో ఇంగ్లండు వెళ్ళే అమ్మలు మన పాఠకుల్లో చాలామందే ఉంటారు. విజిటర్ వీసా మీద ఆర్నెల్ల దాకా ఉండొచ్చు. తిరిగొచ్చాక "ఏమేం చూశావు వదినా?" అని అడిగితే, లండనులో ఒక రోజు తిరిగిన సంగతి చెప్తారు. పెద్ద గడియారం, నది ఒడ్డున పెద్ద చక్రం, బయటినుంచి రాజుగారి కోట. మరి తక్కిన నూట డెబ్భై తొమ్మిది రోజులూ? వంటిల్లు, పసివాడి ఉయ్యాల, కిటికీ అద్దం మీద వాన. అల్లుడికి సెలవు దొరకదు, అమ్మాయికి తీరిక ఉండదు. "నువ్వొక్కదానివే ఎలా వెళ్తావమ్మా, తప్పిపోతావు" అంటారు పిల్లలు. ఆ మాటే వినీ వినీ చివరికి అమ్మ కూడా "నా వల్లేమవుతుందిలే" అనేసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళు ఒంటిచేత్తో సంసారం లాక్కొచ్చిన మనిషి, రైతుబజారులో కందిపప్పు దగ్గర అర్ధరూపాయి వదలని మనిషి, అక్కడ బస్సెక్కడానికి జంకడమేమిటి చెప్పండి!

అందుకే ఈ వారం లండను మాట ఎత్తను. ఒక్కరే వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన ఊళ్ళ గురించి చెప్తాను. ఇంగ్లండుకి దాదాపు నడిబొడ్డున డెర్బీషైర్ అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. డెర్బీ పట్నంలో ఉన్నవాళ్ళకి ఇది పెరటి దొడ్డి. నాటింగ్‌హామ్, షెఫీల్డ్, మాంచెస్టర్లలో ఉన్నవాళ్ళకి పొద్దున బయల్దేరితే రాత్రి వంటకి వచ్చేసే దూరం. కౌంటీలో ఉత్తరపు సగమంతా కొండలు, లోయలు, రాతి గోడల మధ్య గొర్రెలు. దీన్ని పీక్ డిస్ట్రిక్ట్ అంటారు. 1951లో ఆ దేశంలో మొట్టమొదట జాతీయవనంగా ప్రకటించింది దీన్నే. జాతీయవనమంటే పులులూ సింహాలూ ఉంటాయని కంగారుపడకండి. ఊళ్ళూ, పొలాలూ, జనం అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త కట్టడాలకి మాత్రం ఆంక్షలు ఎక్కువ. అందువల్లే ఊళ్ళు పాతబొమ్మల్లో ఉన్నట్టే ఉన్నాయి.

ముందు బేక్‌వెల్ నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే తిండి సంగతి కదా! నాలుగు వేల జనాభా కూడా లేని చిన్న ఊరు. వై అనే ఏరు, దానిమీద ఏడొందల ఏళ్ళ నాటి అయిదు కమానుల రాతి వంతెన, నీళ్ళలో బాతులు. సోమవారం సంత. పశువుల సంత కూడా అదే రోజు. చుట్టుపక్కల రైతులు గొర్రెల్ని, ఆవుల్ని తోలుకొస్తారు. వెళ్తే సోమవారమే వెళ్ళండి. గుడ్డల కొట్లు, పింగాణీ సామాను, జున్నుముద్దలు చూస్తూ ఓ పూటంతా గడిచిపోతుంది.

ఈ ఊరికి పేరు తెచ్చింది బేక్‌వెల్ పుడ్డింగు. పొరలు పొరలుగా వచ్చే పిండి రొట్టె గిన్నెలో అడుగున జాము రాసి, పైన గుడ్లు, వెన్న, పంచదార, బాదం పొడి కలిపి గిలక్కొట్టిన మిశ్రమం పోసి ఓవెన్లో కాలుస్తారు. వెనక ఒక సత్రంలో వంటమనిషికి యజమానురాలు చెప్పిందొకటి, ఆమె చేసిందొకటి, ఆ పొరపాటే పుడ్డింగయిందని అక్కడివాళ్ళు కథ చెప్తారు. నేనైతే నమ్మను. మంచి వంటకం ఏదైనా ఆడదాని చేతిలో పొరపాటున పుట్టిందనే చెప్తారు, ఆలోచించి చేసిందని మాత్రం చెప్పరు! 1845లోనే ఎలైజా యాక్టన్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో బేక్‌వెల్ పుడ్డింగు ఎలా చెయ్యాలో రాసింది. ఇప్పుడు ఊళ్ళో ఒకటికి మించిన కొట్లు అసలైనది మాదంటే మాదని బోర్డులు పెట్టుకున్నాయి. ఒక్క మాట. సూపర్‌మార్కెట్లో పైన తెల్లటి పాకం, మధ్యలో ఎర్రటి చెర్రీపండు పెట్టి అమ్మేది బేక్‌వెల్ టార్టు. అది వేరు, ఇది వేరు. ఊళ్ళో కొట్టుకెళ్ళి టార్టు అడిగితే పుడ్డింగు గురించి పాఠం వినాల్సి వస్తుంది. రెండింట్లోనూ గుడ్డుంటుంది, తిననివాళ్ళు గమనించండి.

బేక్‌వెల్‌కి దగ్గర్లోనే చాట్స్‌వర్త్ అని డెవన్‌షైర్ డ్యూకుల మహలు ఉంది. 2005లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సినిమాలో హీరోగారి ఇల్లు ఇదే. టిక్కెట్టు బాగా ఎక్కువ. పిల్లలు కొనిపెడితే లోపలికెళ్ళండి, లేకపోతే పక్కనే ఉన్న ఎడెన్సర్ ఊరు ఊరికే చూడొచ్చు. పలకడం మాత్రం 'ఎన్‌జర్'. పంతొమ్మిదో శతాబ్దంలో ఆరో డ్యూకుగారు తన మహలు ముంగిట్లోంచి కనిపిస్తున్న పాత పల్లెను తీసేసి, కనపడనంత దూరంలో కొత్తగా కట్టించారు. ఏ రెండిళ్ళూ ఒకలా ఉండవు. చూడముచ్చటగా ఉన్న మాట నిజమే. కానీ ఒకాయన కిటికీలోంచి చూపు బాగుండాలని ఊరు ఊరంతా మూట సర్దుకోవలసి వచ్చిందనేది గుర్తొస్తే మనసు అదోలా అవుతుంది. అక్కడి చర్చి దొడ్లో అమెరికా అధ్యక్షుడు కెనడీగారి చెల్లెలు కాథ్లీన్ సమాధి ఉంది. ఆ ఇంటి పెద్దకొడుకుని చేసుకుంది. 1963 జూన్‌లో కెనడీ ఆ సమాధి చూడటానికి ఇక్కడికొచ్చాడు. ఆ ఏడాది నవంబరులో ఆయనే పోయాడు.

ఇక ఈమ్. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే 'ఏయం' అని చదువుతాం, కానీ బస్సు డ్రైవరుతో 'ఈమ్' అంటేనే తెలుస్తుంది. మిగతా ఊళ్ళన్నీ మానేసినా సరే, ఈ ఒక్క ఊరు చూసి రండి.

1665 సెప్టెంబరులో లండను నుంచి ఈ ఊరి దర్జీ ఇంటికి ఒక గుడ్డల మూట వచ్చింది. లండనులో అప్పుడు ప్లేగు. తడిసిన గుడ్డల్ని ఆరబెట్టిన పనివాడు జార్జి వికర్స్ కొద్దిరోజుల్లోనే చనిపోయాడు. గుడ్డల్లో వచ్చిన గోమార్ల వల్ల జబ్బు వచ్చిందంటారు. చలికాలంలో కాస్త తగ్గినట్టే తగ్గి, ఎండలు రాగానే మళ్ళీ అందుకుంది. 1666 జూన్‌లో ఊరి చర్చి గురువు విలియం మాంపెసన్, ఆయనకంటే ముందున్న గురువు థామస్ స్టాన్లీ ఊరివాళ్ళని కూర్చోబెట్టి ఒక మాటకి ఒప్పించారు. ఊరు దాటి ఎవరూ పోకూడదు, బయటివారెవరూ లోపలికి రాకూడదు. చుట్టుపక్కల ఊళ్ళకి జబ్బు అంటకుండా ఉండాలంటే అదే దారి. ప్రార్థన చర్చిలో కాదు, ఆరుబయట లోయలో, ఒకరికొకరు దూరంగా నిలబడి. ఎవరింట్లో పోయినవాళ్ళని ఆ ఇంటివాళ్ళే తమ పొలంలో పూడ్చుకోవాలి.

ఊరి పొలిమేరలో ఇప్పటికీ ఒక బండరాయి ఉంది, దానికి ఆరు గుంటలు. ఆ గుంటల్లో వెనిగరు పోసి, అందులో డబ్బులు వేసి వెళ్ళేవారు. పొరుగూరివాళ్ళు ఆ డబ్బు తీసుకుని తిండి సామాను పెట్టి పోయేవారు. సూక్ష్మక్రిములన్న మాట ఎవరూ ఎరగని రోజుల్లో, ఊరగాయ పెట్టే పుల్లటి నీళ్ళు డబ్బుకంటిన జబ్బుని కడిగేస్తాయని వాళ్ళకి ఎలా తోచిందో!

పద్నాలుగు నెలల్లో 260 మంది పోయారు. ఊరికి కాస్త అవతల కొండవాలు మీద రైలీ గ్రేవ్స్ అని చిన్న రాతిగోడ లోపల ఏడు సమాధులున్నాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఇల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో తన భర్తనీ, ఆరుగురు పిల్లల్నీ తన చేతులతో పూడ్చిపెట్టింది అక్కడ. సాయానికి మరొకరు రావడానికి లేదు. ఆవిడకి మాత్రం జబ్బు రాలేదు. మాంపెసన్‌గారు తన ఇద్దరు పిల్లల్ని ముందుగానే ఊరు దాటించేశాడు. భార్య కేథరిన్ మాత్రం ఆయన్ని వదిలి వెళ్ళనంది. ఆమె కూడా ఆగస్టులోనే పోయింది. చర్చి దొడ్లో ఆమె సమాధి ఉంది.

ఈ కథ చెప్పేవాళ్ళంతా గురువుల త్యాగం గురించి చెప్తారు. నాకు మాత్రం అక్కడ నిలబడ్డప్పుడు వేరే అనిపించింది. గురువుగారి పిల్లలు బయటికి వెళ్ళగలిగారు, ఎలిజబెత్ పిల్లలు వెళ్ళలేకపోయారు. ఊరు మూసేద్దామన్నప్పుడు ఆవిడని ఎవరైనా అడిగారా? ఊరందరి త్యాగంగా చెప్పే ఈ కథని తరువాతి కాలంలో రచయితలు కాస్త మెరుగులు దిద్దారని చరిత్రకారులు కూడా అంటారు. అయినా చుట్టుపక్కల ఊళ్ళు ఆ జబ్బు బారిన పడకుండా మిగలడంలో ఈ ఊరివాళ్ళు పడ్డ కష్టం ఉంది, దాన్ని కాదనలేం. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతా మళ్ళీ ఈ ఊరి పేరు తలుచుకుంది. మనమూ ఆ రోజుల్లో గుమ్మం బయట పాలప్యాకెట్టు కడుక్కుని లోపలికి తెచ్చుకున్నవాళ్ళమే కదా! ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలోనే ఇప్పటికీ ప్రార్థన జరుపుతారు. ప్లేగు వచ్చిన ఇళ్ళ ముందు ఎవరెవరు పోయారో పేర్లు రాసిన పలకలు ఉంటాయి. ఆ ఇళ్ళల్లో ఇప్పుడూ మనుషులు కాపురముంటున్నారు, కిటికీల్లోకి తొంగి చూడకండి.

అక్కడినుంచి క్రామ్‌ఫర్డ్‌కి వస్తే మనకి సంబంధించిన కథ ఒకటుంది. 1611 నుంచి ఈస్టిండియా కంపెనీవాళ్ళు మన మచిలీపట్నం రేవులో వర్తకం మొదలుపెట్టారు. మన తీరం నుంచి వెళ్ళిన రంగుల అద్దకం నూలుబట్టలంటే ఇంగ్లండు ఆడవాళ్ళు పడి చచ్చేవారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చెయ్యడంతో 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టిది మరో చట్టం చేసి ఆ బట్టల్ని అడ్డుకున్నారు. కానీ నూలుబట్ట మీద మోజు చట్టాలతో పోతుందా? తామే తయారుచేసుకోవాలని చూశారు. రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే ఒకప్పటి మంగలి, విగ్గులు తయారుచేసే మనిషి, 1771లో క్రామ్‌ఫర్డ్‌లో నీటి చక్రంతో నడిచే నూలు మిల్లు పెట్టాడు. ప్రపంచంలో ఈ పద్ధతిలో నడిచిన మొదటి పత్తి మిల్లుగా దీన్ని చెప్తారు. 2001లో యునెస్కో ఈ లోయంతటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన మగ్గాలు మూలపడటానికి దారి తీసిన కథ ఈ ఏటి ఒడ్డునే మొదలైందని తెలిసి చూస్తే, ఆ నీటి చప్పుడు వేరుగా వినిపిస్తుంది.

ఆ మిల్లులో పనిచేసిందెవరనుకున్నారు? ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలే. ఏడెనిమిదేళ్ళ పసివాళ్ళు కూడా. రోజుకి పన్నెండు పదమూడు గంటల చొప్పున రాత్రీ పగలూ రెండు షిఫ్టులు. దగ్గర్లోని నార్త్ స్ట్రీట్‌లో 1776 ప్రాంతంలో పనివాళ్ళ కోసం కట్టించిన మూడంతస్తుల వరస ఇళ్ళు అలాగే ఉన్నాయి. పై అంతస్తుకి పొడవాటి కిటికీలు. వెలుతురు బాగా పడే ఆ అటక మీద మగవాళ్ళు మగ్గం నేసేవారు, పెళ్ళాం పిల్లలు మిల్లుకెళ్ళేవారు. మిల్లు చూశాక మిల్లు చెరువు గట్టున పాత పుస్తకాల కొట్టుంది, నడుం వాల్చకపోయినా కాళ్ళు చాపుకోవచ్చు. రైలు స్టేషను ఊళ్ళోనే ఉంది. పక్క స్టేషను మాట్‌లాక్ బాత్. సముద్రం లేని సముద్రతీరపు ఊరిలా ఉంటుంది. ఐస్‌క్రీములు, వేయించిన చేపల కొట్లు, వరసగా మోటారుసైకిళ్ళు. కొండమీదికి 1984 నుంచి కేబుల్‌కారు నడుస్తోంది. మనవలు వెంట ఉంటే సరే, ఒక్కరే అయితే దీనికోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

కాళ్ళలో సత్తువ ఉంటే కాసిల్టన్. ఊరి మీద మామ్‌టార్ అనే కొండ. ఆ పేరుకి అర్థం అమ్మకొండ. ఎత్తు 517 మీటర్లే గానీ గాలి మాత్రం నిలబడనివ్వదు. చీర కట్టుకు వెళ్ళారో, కుచ్చిళ్ళు ఒక చేత్తో, కొంగు ఒక చేత్తో పట్టుకోవడంతోనే సరిపోతుంది. సల్వారు కమీజు, కింద గట్టి బూట్లు వేసుకోండి. కొండ మట్టి ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, పిల్లకొండలు పుడుతున్నాయి కాబట్టి అమ్మకొండ అన్నారని కొందరంటారు. కొండపక్కగా వేసిన పెద్ద రోడ్డుని ఎన్నిసార్లు బాగుచేసినా జారిపోతుంటే, 1979లో విసుగెత్తి మూసేశారు. విరిగి వంకర్లు తిరిగిన ఆ తారురోడ్డు ఇప్పటికీ అక్కడే పడి ఉంది, దానిమీద గొర్రెలు తిరుగుతుంటాయి.

ఊరిచుట్టూ చూడ్డానికి నాలుగు గుహలున్నాయి. నాలుగింటికీ టిక్కెట్లు పెడితే పర్సు ఖాళీ. ఊళ్ళోంచే నడిచి వెళ్ళగలిగిన పీక్ కావెర్న్ ఒకటి చాలు. ఆ గుహ నోట్లో ఒకప్పుడు తాళ్ళు పేనేవాళ్ళు కుటుంబాలతో ఇళ్ళు కట్టుకుని ఉండేవారు. వాళ్ళ పొయ్యిల మసి గుహ కప్పుకి ఇంకా అంటుకునే ఉంది. గుహ నోట్లోనే పొయ్యి పెట్టుకుని వండిన ఆ ఇల్లాళ్ళ కళ్ళు ఎలా మండేవో! ఇక్కడ బ్లూ జాన్ అని ఊదా, పసుపు చారల రాయి దొరుకుతుంది. చిన్న లాకెట్టు కూడా ఖరీదే. అద్దాల్లో పెట్టినవి చూసి సంతోషించి బయటికి రావడం మంచిది.

దారిలో హాథర్సేజ్ స్టేషను వస్తుంది. 'జేన్ ఐర్' నవల రాసిన షార్లెట్ బ్రాంటీ 1845లో ఇక్కడ స్నేహితురాలి దగ్గర కొన్నాళ్ళుంది. చర్చిలో ఐర్ వంశం వాళ్ళ సమాధి ఫలకాలు చూస్తే ఆ పేరు ఎక్కడిదో తెలుస్తుంది. బక్స్‌టన్ ఇంకాస్త పెద్ద ఊరు. చలి ఎక్కువ. క్రెసెంట్ అనే అర్ధచంద్రాకారపు భవనం ఎదుట సెయింట్ ఆన్స్ బావి దగ్గర ఏడాది పొడుగునా గోరువెచ్చటి నీళ్ళు వస్తాయి. సుమారు 28 డిగ్రీలు. కొట్లో సీసాల్లో అమ్మే ఆ ఊరి నీళ్ళే ఇక్కడ ఉచితం! ఊరివాళ్ళు డబ్బాలతో వచ్చి పట్టుకుపోతుంటారు, మీరూ ఓ సీసా తీసుకెళ్ళండి. స్కాట్లండు రాణి మేరీ ఖైదులో ఉన్న రోజుల్లో కీళ్ళనొప్పులకని ఇక్కడికి స్నానాలకి వచ్చేది.

మే నెలలో అక్కడుండే అదృష్టం మీకు పడితే టిసింగ్టన్ వదలొద్దు. ఆష్‌బోర్న్ పట్నానికి దగ్గర. ఈస్టరు తరవాత నలభయ్యో రోజుకి వచ్చే గురువారం నాడు ఊళ్ళోని బావులన్నింటికీ పూలబొమ్మలు కట్టి, పండగ మొదలుపెడతారు. ఎలా చేస్తారో చెప్తాను, ముగ్గులేసే చేతులకి ఇట్టే అర్థమవుతుంది. పెద్ద చెక్కపలకల్ని ముందు రోజుల తరబడి చెరువు నీళ్ళలో నానబెడతారు. తరవాత వాటిమీద ఉప్పు కలిపిన బంకమట్టి మందంగా మెత్తుతారు, తేమ ఆరకుండా ఉండటానికి ఉప్పు. బొమ్మ గీసిన కాగితం దానిమీద పరిచి గీతల వెంట సూదితో పొడిస్తే మట్టిమీద చుక్కలు పడతాయి. చుక్కల వెంట గింజలో, చిన్న చిన్న కాయలో గుచ్చి గీత కడతారు. ఆ గళ్ళలో పూరేకులు ఒక్కొక్కటే అద్దుతారు. కింది నుంచి పైకి, పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి వచ్చేలా. వాన పడితే నీళ్ళు జారిపోవాలి కదా! ఇదంతా రాత్రింబగళ్ళు ఊరివాళ్ళంతా, ముసలమ్మల నుంచి బడిపిల్లల దాకా కలిసి కూర్చుని చేసే పని. వారం రోజుల్లో రేకులు వాడిపోతాయి, మట్టి గీకేస్తారు. ప్లేగులోనూ, కరువులోనూ తమ బావులు కాపాడాయన్న కృతజ్ఞతకని చెప్పుకుంటారు. మే నుంచి సెప్టెంబరు దాకా ఒక్కో ఊళ్ళో ఒక్కో వారం జరుగుతుంది కాబట్టి, టిసింగ్టన్ తప్పిపోతే మరో ఊరు దొరుకుతుంది.

ఇంతకీ వెళ్ళడమెలా అంటారా? డెర్బీ నుంచి మాట్‌లాక్‌కి రైలుంది, క్రామ్‌ఫర్డ్ దారిలోనే వస్తుంది. డెర్బీ నుంచి మాట్‌లాక్, బేక్‌వెల్ మీదుగా బక్స్‌టన్‌కి బస్సుంది. షెఫీల్డ్, మాంచెస్టర్ల మధ్య తిరిగే ఆగి ఆగి వెళ్ళే రైలు హాథర్సేజ్‌లో ఆగుతుంది. పల్లెలకి బస్సులు తక్కువ, ఆదివారాలు మరీ తక్కువ. దిగీ దిగగానే ఆఖరి బస్సు టైము కాగితం మీద రాసుకోండి. ఫోనులో ఉందిగా అనుకోవద్దు, కొండల మధ్య సిగ్నలు పోతుంది. ఇంటి అడ్రసు, అమ్మాయి నంబరు కూడా కాగితం మీదే. మొదటిసారి బేక్‌వెల్ లాంటి దగ్గర ఊరికి వెళ్ళొస్తే పిల్లలకీ ధైర్యం వస్తుంది, మీకూ వస్తుంది. జూన్‌లో అయినా సరే గొడుగు, స్వెట్టరు ఉండాల్సిందే.

తిండికి ఇబ్బంది లేదు. ఉడికిన పెద్ద బంగాళాదుంపలో జున్ను పెట్టి ఇచ్చేది ఏ హోటల్లోనైనా దొరుకుతుంది. అంతకంటే మంచిది డెర్బీషైర్ ఓట్‌కేక్. పేరుకి కేకేగానీ అచ్చం మన దిబ్బట్టికి చెల్లెలు. గుడ్డు ఉండదు. మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. కప్పు ఓట్సు మిక్సీలో మెత్తగా పొడి చేసి, కప్పు గోధుమపిండి, అరచెంచా ఉప్పు, చిటికెడు పంచదార, చెంచాడు డ్రై ఈస్టు కలిపి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ దోసెల పిండికన్నా కాస్త చిక్కగా జారుగా కలుపుకోండి. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే పొంగి బుడగలొస్తాయి. పెనం బాగా కాగాక నూనె రాసి, గరిటెడు పోసి, ఎక్కువ తిప్పకుండా వదిలేయండి. పైన చిల్లులు పడి తడి ఆరాక తిరగెయ్యాలి. అక్కడివాళ్ళు జున్నుతో తింటారు. మా ఇంట్లో అల్లప్పచ్చడితో తిన్నారు, రెండో వాయి అడిగారు.